మూతపడితే కొనేదెవరు?

గుంటూరు, ఒంగోలు జిల్లా పత్రికల్లో బ్యాంకుల ఈ-వేలం ప్రకటనలు పాఠకులకు కొత్త కాదు. స్పిన్నింగ్ మిల్లో, జిన్నింగ్ ఫ్యాక్టరీయో, కోల్డ్ స్టోరేజీయో బాకీ పడితే సర్వే నంబర్లు, నాలుగు హద్దులు, రిజర్వు ధర, ధరావతు సొమ్ము వరసగా అచ్చవుతాయి. చివర్లో చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: ఆస్తి ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే. కరెంటు బకాయి ఉన్నా, హద్దు తగాదా ఉన్నా, నేలలో కాలుష్యం ఇంకి ఉన్నా తెలుసుకోవాల్సిన పూచీ కొనేవాడిదే. మామూలు మిల్లు విషయంలో ఈ షరతు అంతగా భయపెట్టదు. గోడలు, రేకుల కప్పు, వే బ్రిడ్జి, తారురోడ్డు పక్కన స్థలం ఉంటే యంత్రాలు ఎవరికీ పనికిరాకపోయినా అది గోదామవుతుంది. గుంటూరు యార్డుకు ఏటా మిర్చి వస్తూనే ఉంటుంది కాబట్టి మూతపడ్డ కోల్డ్ స్టోరేజీకీ ఎవరో ఒకరు బేరానికి వస్తారు. అదే ప్రకటనలో, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి ఆగిపోయిన కర్మాగారం కనిపిస్తే ఎవరు కొంటారు? ఎంతకు కొంటారు? కొనకపోతే ఆ నేల ఏమవుతుంది?

పత్తి, మిర్చి పండే ఈ మైదానంలో అలాంటి కర్మాగారం ఇంకా రాలేదు కాబట్టి అమ్మకానికీ రాలేదు. అయినా ప్రశ్న ఇప్పుడే వేసుకోవాలి. కేంద్ర మంత్రివర్గం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యం. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం హైడ్రోజన్‌కు, గాలి కరెంటుకు, గడ్డి నుంచి తీసే బయోగ్యాస్‌కు ఒకేచోట రాయితీలు ప్రకటించింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 2న పాత ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు పునాది పడింది. ప్రభుత్వ బంజరుకు ఎకరాకు ఏడాదికి 15 వేలు, పట్టా భూమికి 30 వేలు కౌలు అన్న మాట ఆ మెట్ట ఊళ్లలో అందరి నోటా నానింది. వచ్చే పరిశ్రమ ఎంత కౌలిస్తుందో, ఎన్ని ఉద్యోగాలిస్తుందో అందరూ అడుగుతున్నారు. అది వెళ్లిపోయే రోజున ఏం జరగాలో అడిగేవారు తక్కువ. ఆగిపోయిన హైడ్రోజన్ కర్మాగారం ధర వేలం నాడు తేలేది కాదు. భూమి ఇచ్చిన నాడు ఎక్కడ ఇచ్చామో, ఏ షరతుతో ఇచ్చామో, అక్కడే అది సగానికి పైగా తేలిపోతుంది. ఈ వ్యాసం వాదన ఇదే.

ముందు యంత్రం సంగతి చూద్దాం. గాలి కరెంటుతో హైడ్రోజన్ తీయడం కొత్త విద్య ఏమీ కాదు. డెన్మార్క్‌లోని అస్కోవ్ ఊరి బడిలో పౌల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు 1890లలోనే గాలిమర కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌తో దీపాలు వెలిగించాడు. నేటి ఎలక్ట్రోలైజర్ చేసేదీ ఆ పనే. కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు, పది లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. రెండు మెగావాట్ల గాలిమర ఏడాది పొడవునా సగటున నాలుగో వంతు సామర్థ్యంతో తిరిగితే సుమారు 44 లక్షల యూనిట్లు వస్తాయి. ఆ కరెంటుతో 80 టన్నుల హైడ్రోజన్, దానితో 450 టన్నుల అమ్మోనియా, ఆ అమ్మోనియాతో దాదాపు 780 టన్నుల యూరియా తయారవుతుంది. 45 కిలోల సంచుల్లో చెప్పాలంటే 17 వేల పైచిలుకు. పత్తికీ మిర్చికీ సంచుల కొద్దీ ఎరువు చల్లే రైతుకు ఈ లెక్క ఆశ పుట్టిస్తుంది. అయితే దీని రెండో వైపు కూడా చూడాలి. యూనిట్ 4 రూపాయల 84 పైసలు పడితే కిలో హైడ్రోజన్‌కు కరెంటు ఖర్చే 240 రూపాయలు దాటుతుంది. సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్ అంతకంటే చౌక. పైగా గాలి ఒక్కటే ఆధారమైతే కోట్లు పోసి కొన్న ఎలక్ట్రోలైజర్ ఏడాదిలో ఎక్కువ కాలం పూర్తి పని లేకుండా ఉంటుంది. రాష్ట్రంలో ఉన్న నాలుగు వేల పైచిలుకు మెగావాట్ల గాలిమరల్లో అధికభాగం అనంతపురం, కర్నూలు, కడప కొండల మీదనే ఉన్నాయి. కృష్ణకు దక్షిణాన ఉన్న ఈ నల్లరేగడి చదునుకు ఆ గాలి లేదు.

ఇలాంటి కర్మాగారం ఆగిపోతే అమ్మకానికి మిగిలేవేమిటి? గాలిమర స్తంభంలోని ఉక్కుకూ జనరేటర్‌లోని రాగికీ తుక్కు వ్యాపారి సులువుగా ధర కడతాడు. రెక్కలకు మాత్రం ధర లేదు. గాజునార, రెజిన్ కలిపి చేసిన రెక్కను కరిగించలేరు, కోసి పూడ్చడానికి ఎదురు డబ్బివ్వాలి. ఎలక్ట్రోలైజర్ పరిస్థితి ఇంకా సున్నితం. దాని గుండెకాయ లాంటి పలకల పొరలు ఎండిపోకుండా, తుప్పు పట్టకుండా చూసుకుంటేనే రెండో కొనుగోలుదారుకు పనికొస్తాయి. కరెంటు బిల్లు కట్టలేక కాపలాదారును మాత్రమే ఉంచిన కర్మాగారంలో ఆ జాగ్రత్త ఎవరు పడతారు? ఒక రకం యంత్రాల్లో ప్లాటినం, ఇరిడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కాబట్టి దొంగల కన్ను పడేది కూడా ముందు వాటి మీదే. ఇంకో రకంలో గాఢమైన పొటాషియం క్షార ద్రావణం ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తీసి తటస్థం చేయకపోతే పక్క పొలాల బావులకు ప్రమాదం. హైడ్రోజన్ నింపే ట్యాంకులకు పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు, గడువు ప్రకారం పీడన పరీక్షలు ఉండాలి. కాగితం గడువు దాటితే చక్కగా ఉన్న ట్యాంకు కూడా తుక్కు ధరకే పోతుంది. గాలిలో 4 శాతం కలిసినా మండే వాయువు అది. లోపల నైట్రోజన్ నింపి శుద్ధి చేయకుండా గ్యాస్ కట్టర్ పెట్టే తుక్కువాడు తన ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. మిల్లు యంత్రాన్ని విప్పడానికీ దీన్ని విప్పడానికీ ఉన్న తేడా ఇది. పాత మిల్లుకు కూలివాడు చాలు, దీనికి నిపుణుడు కావాలి, ఆ నిపుణుడి ఖర్చు అమ్మకం ధరలోంచే పోతుంది.

నేల సంగతి ఇంకా బరువైనది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. అలాంటి నేల మీద వంద మీటర్ల స్తంభం నిలవాలంటే వందల ఘనమీటర్ల కాంక్రీటుతో లోతైన పునాది వేయాలి. స్తంభం కోసి తీసుకెళ్లిన తర్వాత ఆ కాంక్రీటు దిమ్మె పొలం నడిబొడ్డున ఉండిపోతే నాగలి నడవదు, పత్తివేరు దిగదు. భారీ క్రేన్ల కోసం పోసిన కంకర బాట కూడా అంతే. నీటి విషయానికొస్తే కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎలక్ట్రోలైజర్‌కు ఉప్పు లేని నీరే కావాలి కాబట్టి శుద్ధి యంత్రం వదిలే చిక్కటి మురుగునీటిలో ఆ ఫ్లోరైడ్ మరింత పోగవుతుంది. కర్మాగారం నడిచే రోజుల్లో ఆ నీటిని ఎటు వదిలారన్నది, ఆగిపోయిన రోజున కొనేవాడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటవుతుంది.

అమ్మకపు విలువ యంత్రంలో లేకపోతే మరెక్కడ ఉంది? మూడు చోట్ల జరిగినవి పక్కపక్కన పెట్టి చూస్తే సమాధానం దొరుకుతుంది. నార్వేలోని ఉట్సిరా అనే చిన్న దీవిలో నార్స్క్ హైడ్రో కంపెనీ 2004లో గాలి–హైడ్రోజన్ కేంద్రం ప్రారంభించింది. గాలి ఎక్కువున్నప్పుడు హైడ్రోజన్ తీసి నిల్వ చేయడం, గాలి ఆగినప్పుడు ఆ హైడ్రోజన్‌తో పది ఇళ్లకు కరెంటు ఇవ్వడం దాని పని. సాంకేతికంగా పని జరిగింది, నాలుగైదేళ్ల తర్వాత ప్రయోగం ముగిసింది. పది ఇళ్లు తప్ప ఆ హైడ్రోజన్‌కు మరో కొనుగోలుదారు లేకపోవడంతో దాన్ని వ్యాపారంగా కొనసాగించడానికి కారణమూ లేకపోయింది. రెండోది మన దేశంలోనే ఉంది. పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారం 1960ల ఆరంభంలో భాక్రా డ్యామ్ చౌక కరెంటుతో నీటి నుంచే హైడ్రోజన్ తీసింది. కరెంటు ఖరీదెక్కాక ఆ పద్ధతి పోయి ఇంధన నూనె వచ్చింది, తర్వాత సహజవాయువు వచ్చింది. యంత్రాలు మారాయి, స్థలం మాత్రం నేటికీ ఎరువే తయారుచేస్తోంది. చుట్టూ గోధుమ రైతుల గిరాకీ, రైలు మార్గం, నీరు, తరిఫీదు పొందిన మనుషులు అక్కడే ఉండిపోవడమే అందుకు కారణం.

మూడోది మన కాకినాడ. 1990లలో మొదలైన నాగార్జున ఫెర్టిలైజర్స్ యూరియా కర్మాగారానికి 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలిన తర్వాత గ్యాస్ ఆగిపోయింది. నెలల తరబడి మూతపడి, తర్వాత అప్పుల్లో కూరుకుపోయి చివరకు చేతులు మారింది. కొన్నది గ్రీన్‌కో వ్యవస్థాపకుల కంపెనీ ఏఎం గ్రీన్. గాలి, సౌర కరెంటుకు కర్నూలు వైపు పిన్నాపురం పంప్డ్ స్టోరేజీని జోడించి ఆ స్థలంలోనే ఏడాదికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా తీసేందుకు 2024 ఆగస్టులో పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. పాత యూరియా యంత్రం మీద మోజుతో ఎవరూ ఈ పని చేయరు. అమ్మోనియా నిల్వకూ రవాణాకూ అలవాటు పడిన స్థలం, పక్కనే ఓడరేవు, పెద్ద విద్యుత్తు లైను, పరిశ్రమకు కేటాయించి తగాదా లేకుండా ఉన్న నేల వారు కొన్న అసలు సరుకు. ఉట్సిరాలో కొనుగోలుదారు లేడు కాబట్టి కేంద్రం ముగిసింది. నంగల్‌లో గిరాకీ ఉండిపోయింది కాబట్టి స్థలం బతికింది. కాకినాడలో రేవు, నేల ఉండబట్టి మూతపడ్డ కర్మాగారానికి రెండో జన్మ దొరికింది. పునాదులతో పాటు పుట్టిన ఈ సంబంధాలే స్థిరాస్తి, మిగతాదంతా అరిగిపోయే సామాను.

ఈ కొలబద్దతో చూస్తే గుంటూరు–ప్రకాశం మైదానంలో ఎక్కడ పెడితే పనికొస్తుందో, ఎక్కడ పెడితే మూలుగుతుందో ముందే చెప్పవచ్చు. రామాయపట్నం దగ్గర భారత్ పెట్రోలియం తలపెట్టిన రిఫైనరీ వస్తే, ముడిచమురులోని గంధకాన్ని తొలగించడానికి దానికి రోజూ హైడ్రోజన్ కావాలి. అక్కడికి పైపులైను లేదా ట్యాంకరు దూరంలో ఉన్న పారిశ్రామిక స్థలానికి ఒక యజమాని పోతే మరొకడు వస్తాడు. అదే కర్మాగారం పెదకూరపాడు పత్తి చేల మధ్యనో పామూరు మెట్టలోనో ఒంటరిగా నిలబడితే, దాని హైడ్రోజన్‌కు దాని యజమానే తొలి, కడపటి కొనుగోలుదారు. భూమి చౌకగా దొరికిందన్న ఒక్క కారణంతో స్థలం ఎంచుకుంటే, ఆ చౌకబేరం మూల్యాన్ని అమ్మకం నాడు చెల్లించాల్సి వస్తుంది. వాడరేవు–నిజాంపట్నం రేవుల పారిశ్రామిక కారిడార్ (వాన్‌పిక్) అనుభవం ఈ జిల్లాలకు తెలిసిందే. 2008లో రేవుల పేరిట వేల ఎకరాలు కదిలాయి, అనుకున్న రేవులు రాలేదు, భూములు కేసుల్లో, జప్తుల్లో చిక్కుకున్నాయి. వివాదంలో పడిన నేలను అమ్మడం కష్టం, కొనడం ఇంకా కష్టం.

కాగితం బలం గురించి మరో పాఠం గాలి కరెంటులోనే ఉంది. రాష్ట్ర డిస్కములు పాతికేళ్లకు కుదుర్చుకున్న గాలి విద్యుత్తు ఒప్పందాల ధరలను తిరగదోడేందుకు 2019 జులైలో ప్రభుత్వం కమిటీ వేసింది. వివాదం నడిచినంత కాలం గాలిమరల కంపెనీలకు ఒప్పందంలోని ధరలో దాదాపు సగమే చేతికొచ్చింది. 2022 మార్చి 15న హైకోర్టు ఒప్పంద ధరే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అప్పటి ధర ఎక్కువా తక్కువా అన్న చర్చ వేరు. ఆ మూడేళ్లలో ఎవరైనా తమ గాలిమరలను అమ్మాలనుకుంటే కొనేవాడు ఏ ధర నమ్మి లెక్క కట్టాలి? ఒప్పందం గట్టిగా ఉంటే ఆగిపోయిన కర్మాగారానికీ విలువ ఉంటుంది. అది ఊగిసలాడితే తిరుగుతున్న గాలిమరకూ బేరం కుదరదు.

ఇక చట్టంలో ఉన్న ఖాళీ. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 101 ప్రకారం సేకరించిన భూమిని ఐదేళ్లు వాడకపోతే పాత యజమానికి గానీ ప్రభుత్వ భూ బ్యాంకుకు గానీ తిరిగి ఇవ్వాలి. ఏ అభివృద్ధీ చేయకుండా ఐదేళ్లలోపు మరొకరికి అమ్మితే పెరిగిన విలువలో 40 శాతం భూమి కోల్పోయినవారికి పంచాలని సెక్షన్ 102 చెబుతుంది. రెండూ మంచి నిబంధనలే. కానీ ఎనిమిదేళ్లు నడిచి ఆగిపోయిన కర్మాగారాన్ని ఈ రెండూ తాకవు, ఎందుకంటే భూమిని వాడారు, అభివృద్ధీ జరిగింది. రైతుతో నేరుగా కౌలుకో కొనుగోలుకో కుదుర్చుకున్న భూమికి ఈ నిబంధనల నీడ కూడా లేదు. మధ్యలో 1977 చట్టం కింద బదిలీ నిషేధం ఉన్న అసైన్డ్ భూమి ముక్క ఒకటి కలిసిందంటే రిజిస్ట్రేషన్ దగ్గరే అమ్మకం ఆగుతుంది. వాడని భూమికి చట్టముంది, వాడుతున్న భూమికి చట్టముంది. వాడి వదిలేసిన భూమికి లేదు.

ఆ ఖాళీని పూడ్చే పద్ధతి కష్టమైనదేమీ కాదు. పత్తి చేల మధ్య వేల గాలిమరలు తిరిగే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 2019లో ఒక చట్టం చేసింది. గాలిమర కంపెనీ కౌలు ముగిసినప్పుడు స్తంభాన్ని తొలగించాలి, పునాదిని నేలమట్టానికి కనీసం మూడడుగుల లోతు వరకు తీసేయాలి, పైమట్టి తిరిగి పోయాలి. ఆ ఖర్చుకు హామీ సొమ్ము చూపాలి, పదో ఏడు దాటకుండా చూపాలి. మన దేశంలోనూ ప్రధాన ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళిక, ఆర్థిక హామీ నిబంధనలున్నాయి. ప్రకాశం జిల్లాకు హామీ లేని తవ్వకం ఫలితం ఎలా ఉంటుందో విడిగా చెప్పనక్కర్లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు వెళ్లింది, రాళ్ల గుట్టలు ఊళ్ల పక్కనే ఉండిపోయాయి. హైడ్రోజన్ కర్మాగారానికి భూమి ఇచ్చే ప్రతి పత్రంలో నాలుగు మాటలు చేరితే చాలు: పునాది తొలగింపు, నేల–నీటి పరీక్ష, పదో ఏటి లోపు హామీ సొమ్ము, ఏడాదికి మించి ఆగిపోతే కొత్త యజమానిని వెతికే గడువు. ఆ గడువు దాటితే కౌలుకిచ్చిన రైతుకు తన భూమి వెనక్కి తీసుకునే హక్కు, కరెంటు లైను, సబ్‌స్టేషన్ స్థలం మాత్రం పరిశ్రమకే ఉంచాలా అని తేల్చుకునే హక్కు పంచాయతీకి ఉండాలి.

దీనికి ఎదురువాదాలు లేకపోలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని పరిశ్రమకు మూసివేత షరతులా అని కొందరంటారు. కౌలుపత్రం 25, 30 ఏళ్లకు రాసుకునేది. సంతకాలయ్యాక షరతు చేర్చడానికి కంపెనీకి ఏ అవసరమూ ఉండదు, రైతుకు ఏ బలమూ ఉండదు. అడగగలిగే సమయం ఇదొక్కటే. షరతులు పెడితే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందన్నది ఇంకా గట్టి వాదన. హామీ నిబంధన పెట్టిన టెక్సస్ అమెరికాలో గాలి కరెంటులో మొదటి స్థానంలోనే ఉంది. భూమి పత్రాలు, నీటి పరీక్షలు, తొలగింపు ఖర్చు అన్నీ తేలి ఉన్న ఆస్తికి బ్యాంకు అప్పూ సులువు, రెండో కొనుగోలుదారూ సులువు. ఈ షరతు అమ్మేవాడి మేలు కూడా కోరుతుంది.

దివాలా చట్టం, బ్యాంకుల వేలం ఉన్నాయి కదా, మార్కెట్టే చూసుకుంటుందన్నది మూడో వాదన. 2016 దివాలా చట్టం సెక్షన్ 53 సొమ్ము పంచే వరస చెబుతుంది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టున్న అప్పులవారు, కార్మికుల బకాయిలు. కౌలు బకాయి ఉన్న రైతు వరసలో చాలా వెనక నిలబడతాడు. పొలంలో మిగిలిన కాంక్రీటుకు ఆ వరసలో చోటే లేదు. మార్కెట్టు అప్పు వసూలు చూసుకుంటుంది, నేలను చూసుకోదు. ఇవన్నీ ఎందుకు, ఆగిన రోజునే భూమిని రైతుకు ఇచ్చేయవచ్చు కదా అనేవారూ ఉన్నారు. న్యాయంగా వినిపించే మాటే గానీ, దిమ్మెలు తీయని భూమిని తిరిగివ్వడం రైతుకు భారాన్ని అప్పగించడమే. రోడ్డు, విద్యుత్తు లైను అమరిన స్థలం కొన్నిసార్లు చేనుకంటే మరో పరిశ్రమకే ఎక్కువ పనికొస్తుంది. ఏ దారి మేలన్నది భూమి శుభ్రపడిన తర్వాత, యజమాని ఎంచుకోవాల్సిన విషయం.

అమ్మేవారికీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. కర్మాగారాన్ని ఆపాలని నిర్ణయించిన నెలలోనే అమ్మకం మొదలుపెట్టాలి. కనెక్షన్ తెగి, లైసెన్సుల గడువు దాటి, ఎలక్ట్రోలైజర్ ఎండిపోయాక అమ్మబోతే చేతికి దక్కేది ఇనుము తూకం డబ్బే. యంత్రాలు, నేల, నీటి అనుమతి, విద్యుత్తు కనెక్షన్ విడివిడిగా కాక ఒకే మూటగా అమ్మితేనే వాటి మధ్య సంబంధానికి ధర పలుకుతుంది. భూమి పాలనలో ఉన్నవారు చేయాల్సింది అంతకంటే ముందుంది. ఈ మైదానంలో హైడ్రోజన్‌కు ఎకరం కేటాయించే ముందు సరుకు కొనేవాడు ఎంత దూరంలో ఉన్నాడో, వెళ్లేటప్పటి ఖర్చు ఎవరి ఖాతాలో ఉందో అడిగి పత్రంలో రాయించాలి. ఆ రెండింటికీ జవాబు దొరకని స్థలంలో పత్తి, మిర్చి వేసుకోవడమే లాభం.